పదానికీ వాక్యానికీ గెట్టు ఎక్కడ?

తెలుగు వ్యాకరణం చదువుకున్నవారిని పదమంటే ఏమిటని అడిగితే తడుముకోకుండా చెబుతారు. వాక్యమంటే ఏమిటని అడిగినా చెబుతారు. ఈ రెండింటికీ మధ్య గెట్టు ఎక్కడున్నదో చూపించమంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కొక్క రాయి చూపిస్తారు. ఒకరు సంధి సూత్రం చూపిస్తారు. ఒకరు విభక్తుల పట్టిక చూపిస్తారు. ఇంకొకరు అచ్చుపుస్తకంలో మాటకూ మాటకూ మధ్య వదిలిన ఖాళీని చూపిస్తారు. గ్రామాల్లో గెట్టు పంచాయితీ ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. పటం మీద గీత ఒకచోట వుంటుంది, నాగలి తిరిగే చోటు మరొకటి వుంటుంది.

ఇది పండితుల కాలక్షేపం కోసం పుట్టిన ప్రశ్న అని కొందరు కొట్టిపారవేయవచ్చు. నేను అలా అనుకోను. ఈ గెట్టు ఎక్కడ వేస్తామన్నదాన్ని బట్టి రెండు సంగతులు తేలతాయి. బడిలో పిల్లవాడు రాసింది తప్పో ఒప్పో తేలుతుంది. కథలో రచయిత రాసిన భాష ప్రజలదో కాదో తేలుతుంది. ఈ రెండూ మన ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ రోజూ ఎదురయ్యేవే. నేను సిద్దిపేటలో తెలుగు చెప్పుకొని బతుకుతున్నవాణ్ణి గనుక నా ఉదాహరణలు చాలావరకు ఇక్కడి వాడుక నుంచే తీసుకుంటాను.

మొదట ఒకే ఒక మాట తీసుకుందాము: 'వస్తనన్నడు'. సిద్దిపేట బస్‌స్టాండులో గంటసేపు నిలబడితే ఈ మాట చెవిన పడక మానదు. రాసేటప్పుడు ఎవరూ దీన్ని రెండుగా విడదీయరు. పలికేటప్పుడు మధ్యలో ఊపిరి తీయరు. కంటికీ చెవికీ ఇది ఒక్క పదమే. కాని లోపల చూడండి. ఇందులో రెండు క్రియలున్నాయి: రావడం ఒకటి, అనడం మరొకటి. రెండు పురుషలున్నాయి: 'వస్తను' ఉత్తమ పురుష, 'అన్నడు' ప్రథమ పురుష. రెండు కాలాలున్నాయి: రావడం ఇంకా జరగలేదు, అనడం జరిగిపోయింది. ఇద్దరు మనుషుల గొంతులున్నాయి: ఆ మాట అన్నవాడు ఒకడు, దాన్ని మనకు చేరవేస్తున్నవాడు మరొకడు. అంటే రెండు నిండు వాక్యాలు ఒక్క పదంలో కాపురముంటున్నాయి.

మరొక విశేషం కూడా గమనించండి. 'నేను వస్త' అని ఊరుకున్నప్పుడు చివర నకారం వినపడదు. 'అన్నడు' వచ్చి తగలగానే దాగివున్న నకారం బయటికి వస్తుంది. మన లాక్షణికులు ద్రుతం గురించి చెప్పిన సంగతులను గుర్తుకు తెచ్చే వ్యవహారమిది. ఏ వ్యాకరణమూ చదవని మనిషి నోట అది తప్పకుండా నడుస్తున్నది.

ఇటువంటి మాట పిల్లవాడు పరీక్ష కాగితంలో రాస్తే దానిమీద ఎర్ర సిరా పడుతుంది. 'వస్తానన్నాడు' అని దిద్దుతారు. నిజానికి రెండింటి నిర్మాణమూ ఒక్కటే, తేడా అంతా అచ్చుల పొడవులో వుంది. రెండు వాక్యాలనూ ఇద్దరు మనుషులనూ రెండు కాలాలనూ పొరపాటు లేకుండా ఒక్క మాటలో ఇమిడ్చిన పిల్లవాడి శక్తి మాత్రం మార్కుల్లోకి ఎక్కదు. దీర్ఘం లేకపోవడం ఎక్కుతుంది.

మన బడి వ్యాకరణం ఈ శక్తిని ఎందుకు చూడలేకపోతున్నది? ఇందుకు చారిత్రకమైన కారణం వుంది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అందులో పరిచ్ఛేదాలు పది: సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణక పరిచ్ఛేదాలు. వాక్యం పేరు పెట్టుకున్న పరిచ్ఛేదం ఒక్కటీ లేదు. చిన్నయసూరిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కావ్యభాషలో ఏ రూపం సాధువో నిర్ణయించడం ఆయన పెట్టుకున్న పని. ఆ పనిని ఎంతో బిగువుగా నిర్వహించాడు. ఆ పనికి పదం చాలు. కారక పరిచ్ఛేదంలో విభక్తుల ప్రయోగం చెప్పేటప్పుడు వాక్యం పక్కదారిన లోపలికి వచ్చి కూర్చుంటుంది. తరువాతి వ్యాకర్తలు ఈ లోటు పూడ్చడానికి ప్రయత్నించినా బడిలో మాత్రం పాత నమూనాయే స్థిరపడింది. సంధి విడదీయండి, సమాసం పేరు చెప్పండి, వికృతి రాయండి అనే ప్రశ్నలే ఇప్పటికీ మన పిల్లలకు వ్యాకరణం.

అయితే ఆ నమూనాలోనే గెట్టు కదులుతున్న గుర్తులు కనిపిస్తాయి. ప్రతి విద్యార్థీ కంఠస్థం చేసిన విభక్తి ప్రత్యయాల పట్టిక చూడండి. 'కి', 'కు', 'ని', 'ను' అన్నవి తమంత తాము నిలబడలేని ప్రత్యయాలు. వాటి పక్కనే 'కూర్చి', 'గురించి', 'పట్టి' వున్నాయి. ఇవి మొదట క్రియలు. కూర్చడం, గురించడం, పట్టడం అనే పనుల నుంచి వచ్చిన క్త్వార్థక రూపాలు. 'లో' పక్కన 'లోపల' వుంది. 'ఎక్కడున్నడు?' అని అడిగితే 'లోపల' అని ఒక్క మాటతో జవాబు చెప్పవచ్చు. 'లో' అని చెప్పలేము. స్వతంత్రమైన మాటలనూ, పదానికి అతుక్కుని బతికే ముక్కలనూ ఒకే పట్టికలో కూర్చోబెట్టవలసి వచ్చిందంటే వాటి మధ్య తెగని గీత లేదన్నమాటే. అలాగే సమాసాన్ని విప్పితే వచ్చేదానికి మన పెద్దలు పెట్టిన పేరు విగ్రహవాక్యం. సమాసం ఒక పదం. దాని లోపల మడతపెట్టి వున్నది వాక్యమని ఆ పేరే ఒప్పుకుంటున్నది.

ఇక అచ్చులో కనిపించే ఖాళీ సంగతి. మన శాసనాల్లోనూ తాటాకు ప్రతుల్లోనూ మాటకూ మాటకూ మధ్య ఖాళీ విడవడం ఆచారం కాదు. అక్షరాలు వరసగా సాగిపోయేవి, చదివేవాడు విడదీసుకునేవాడు. పదం తరువాత జాగా విడవడం అచ్చుతోపాటు మనలో స్థిరపడిన అలవాటు. 'రాకపాయె' అని కలపాలో, 'రాక పాయె' అని విడదీయాలో ఇవాళ్టికీ ఒక్కొక్క అచ్చాఫీసు ఒక్కొక్క విధంగా తేలుస్తుంది. ప్రూఫు దిద్దేవాడి కలంతో వెలసిన గెట్టును భాషకు పుట్టుకతో వచ్చిన గెట్టుగా భావించనక్కరలేదు.

ఈ ప్రశ్న మన దేశానికి కొత్త కాదు. సుబంతమో తిఙంతమో అయినది పదమని పాణిని నిర్ణయించాడు. అంటే వాక్యంలో నిలబడడానికి తగిన ప్రత్యయం చేరినప్పుడే శబ్దం పదమవుతుంది. క్రీస్తు శకం 5వ శతాబ్దపువాడని పండితులు భావించే భర్తృహరి వాక్యపదీయంలో ఇంకా ముందుకు పోయాడు. అసలైనది అఖండమైన వాక్యమేనని, పదాలు దాన్ని బోధ కోసం విడదీసినప్పుడు మనకు చిక్కే భాగాలని వాదించాడు. మీమాంసకుల్లో ఇదే తగాదా రెండు పక్షాలైంది. పదాలు ముందు తమ తమ అర్థాలను చెబుతాయి, తరువాత ఆ అర్థాలు అన్వయిస్తాయి అని కుమారిలభట్టు పక్షం. అన్వయంలో వున్న అర్థాన్నే పదం చెబుతుంది, విడిగా చెప్పదు అని ప్రభాకరుని పక్షం.

ప్రభాకరుని పక్షం చూపిన దృష్టాంతం మనకు చాలా దగ్గరిది. పసివాడు భాష ఎలా నేర్చుకుంటాడు? ఒక పెద్దవాడు మరొకరికి ఆవును తెమ్మని చెప్పడం, అతడు తేవడం చూస్తాడు. తరువాత ఆవును కట్టమనడం, గుర్రాన్ని తెమ్మనడం వింటాడు. ఏ మాట మారితే ఏ పని మారిందో పోల్చుకుని, వాక్యాల నుంచి మాటలను విడదీసుకుంటాడు. సిద్దిపేటలో మగ్గం వున్న ఇంట్లో పెరిగిన పిల్లవాడు 'కండె తే', 'నాడె తే', 'కండె చుట్టు' అనే మాటలు వింటూ నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే. వాడికి ఎవరూ నిఘంటువు చదివి వినిపించలేదు. పని జరుగుతుండగా, పని కోసం పలికిన వాక్యాలు వాడికి అందాయి. భాషకు మూలం శ్రమలో, మనుషుల పరస్పర వ్యవహారంలో వుందని మనం అంటాము. ప్రాచీన మీమాంసకుడు వేరే ప్రయోజనం కోసం వాదించినా, ఆ వాదంలో ఈ సత్యం బీజప్రాయంగా వుండడం ఆలోచించదగినది.

పశ్చిమ దేశాల భాషాశాస్త్రం కూడా ఈ గెట్టు దగ్గర తిరుగుతూనే వుంది. బ్లూమ్‌ఫీల్డు 1933లో ప్రచురించిన గ్రంథంలో, విడిగా ఒక ఉక్తిగా నిలబడగల కనిష్ఠ రూపమే పదమన్నాడు. గమనించండి, పదాన్ని నిర్వచించడానికి ఉక్తిని ఆశ్రయించవలసి వచ్చింది. చోమ్‌స్కీ 1957లో క్రియకు చేరే ప్రత్యయాలను కూడా వాక్య సూత్రాలతోనే సాధించాడు. 1970 నాటికి ఆయనే కొన్ని నామరూపాలను వాక్య సూత్రాల చేత పుట్టించడం కుదరదని, వాటి చోటు పదకోశమని వాదించాడు. టాల్మీ గివోన్ 1971లో చరిత్రవైపు నుంచి చూసి, ఇవాళ పదనిర్మాణంగా కనిపిస్తున్నది ఒకప్పటి వాక్యనిర్మాణమే అన్నాడు. 2011లో మార్టిన్ హాస్పెల్‌మాత్, ప్రపంచ భాషలన్నిటికీ సరిపడేట్టుగా పదాన్ని నిర్వచించే కొలత ఇంతవరకు దొరకలేదు గనుక పదనిర్మాణం, వాక్యనిర్మాణం అనే విభజనను అన్ని భాషలకూ ఒకే విధంగా వర్తింపజేయలేమని వాదించాడు. మన భాషకు ఏ కొలత ఎంతవరకు పనికివస్తుందో మనమే పరీక్షించుకోవాలి.

పరీక్షించి చూద్దాము. మాట బిగుసుకుందో లేదో తెలుసుకోవడానికి సులువైన పద్ధతి, దాని మధ్యలో ఇంకొకటి దూరుతుందేమో చూడడం. నొక్కి చెప్పే 'ఏ' అనే చిన్న ముక్కను ఉపయోగిద్దాము.

'వచ్చిండు' తీసుకోండి. దీని మధ్యలో ఏదీ దూరదు. కాని దీని చరిత్ర చూస్తే ఇది కూడా ఒకప్పుడు రెండు మాటలు. 'వచ్చినవాఁడు' అనే పదబంధం కుదించుకుపోయి 'వచ్చినాఁడు' అయింది. కోస్తాలో అది 'వచ్చాడు' అయింది, మా వైపు 'వచ్చినడు', 'వచ్చిండు' అయింది. ఒకరిది శుద్ధరూపమూ మరొకరిది భ్రష్టరూపమూ అనడానికి ఇక్కడ తావులేదు. ఒకే పదబంధం రెండు దారుల్లో పదంగా గట్టిపడింది.

'వస్తున్నడు' తీసుకోండి. చూడడానికి బిగుసుకున్న మాటే. కాని నొక్కి చెప్పవలసి వస్తే 'వస్తనే ఉన్నడు' అంటాము. ఒక్కటిగా కనిపించిన పదం తలుపు తెరుచుకుని లోపలి రెండు మాటలను చూపిస్తుంది. పని అయిపోగానే మళ్ళీ మూసుకుంటుంది.

'రాలె' తీసుకోండి. 'రానే లే' అనవచ్చు. 'రాకపాయె' తీసుకోండి. 'రాకనే పాయె' అనవచ్చు. ఇవి ఇంకా గెట్టు మీద నిలబడివున్న మాటలు. 'ఏడ్వవట్టె', 'కొట్టవట్టె' అనేవి చూడండి. వీటిలో వున్నది 'పట్టు' అనే క్రియ. పట్టుకోవడమనే అర్థం పోయి, పని సాగుతున్నదని చెప్పే గుర్తుగా మారింది. పకారం వకారంగా మెత్తబడింది. చేయి పట్టుకునే చోట మాత్రం అది ఇప్పటికీ 'పట్టిండు' అనే నిలిచివుంది. ఒకే క్రియ ఒకచోట స్వతంత్రంగా, మరొకచోట ప్రత్యయమయ్యే దారిలో కనిపిస్తున్నది.

దీన్ని బట్టి గెట్టే లేదని ఎవరైనా తీర్మానించబోతే అది తొందరపాటు. 'నిన్న నేను సిద్దిపేటల చీర కొన్న' అనే వాక్యంలో మాటలను ఎటు మార్చినా తెలుగే. 'సిద్దిపేటల నిన్న చీర కొన్న నేను' అన్నా అర్థమవుతుంది. కాని 'చేయించిండు' అనే పదం లోపలి ముక్కల వరస మార్చడానికి ఎవరి తరమూ కాదు. వాక్యంలో మాటకు తిరిగే స్వేచ్ఛ వుంది, పదంలో ముక్కకు ఆ స్వేచ్ఛ లేదు. కనుక గెట్టు వున్నది. అది కదిలే గెట్టు. దాన్ని కదిలిస్తున్నది వాడుక. వేలమంది నోళ్ళలో నలిగి పదబంధం పదమవుతున్నది. ఈ పని ఏ అకాడమీ తీర్మానం వల్లా జరగలేదు.

ఇంకొక కోణం వుంది. పదానికి అంటుకుని వుంటూ వాక్యం మొత్తానికి పనిచేసే ముక్కలు మన భాషలో ఎన్నో వున్నాయి. 'నువ్వు నిన్న పట్నం పోయినవా?' అని అడుగుతాము. ప్రశ్నార్థకమైన 'ఆ'ను ముందుకు తెచ్చి 'నిన్ననా నువ్వు పట్నం పోయింది?' అంటే అనుమానం రోజు మీదికి పోయింది. 'నువ్వా నిన్న పట్నం పోయింది?' అంటే మనిషి మీదికి పోయింది. ఆ ఒక్క అచ్చు చోటు మారగానే 'పోయినవు' అనే క్రియ 'పోయింది'గా మారి, వాక్యం అస్థిపంజరమే వేరయింది. దీన్ని పదానికి సంబంధించిన సంగతిగా చెప్పాలా, వాక్యానికి సంబంధించిన సంగతిగా చెప్పాలా? రెంటినీ కలిపి చెప్పకపోతే అసలు చెప్పినట్లే కాదు. 'ఎవరు మీరు?' అంటే 'కూలోళ్లం' అని జవాబు వస్తుంది. అది నామం. దానిలోనే బహువచనం వుంది, 'మేము' అనే ఉత్తమ పురుష వుంది. క్రియ లేని నిండు వాక్యం అది.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తిగారిని తలచుకోవాలి. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన మనకు ఎక్కువ తెలుసు. ఆయన సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రచురించాడు, 1938లో నిఘంటువును వెలువరించాడు. సవరలో నామాన్ని కుదించి క్రియలోకి చేర్చుకునే పద్ధతి వుంది. ఫలానావాడు నిన్ను కత్తితో కడుపులో పొడుస్తాడు అనే అర్థం మనకు ఒక వాక్యం. పొడవడం, కడుపు, కత్తి, కాలం, నిన్ను అనే అంశాలన్నీ సవరవాడి ఒక్క క్రియాపదంలో ఇమిడిపోతాయి. ప్రపంచ భాషాశాస్త్రజ్ఞులు ఈ నిర్మాణం గురించి చర్చించేటప్పుడు ఇప్పటికీ సవర ఉదాహరణలను వాడుతున్నారు. నాగరికులు అనాగరికమని చూసిన కొండ భాషలో ఇంత నిర్మాణముందని గుర్తించిన కళ్ళకే ఊరి తెలుగులోని నిర్మాణం కూడా కనిపించింది.

ఇప్పుడు తెలంగాణ చరిత్రలోకి వద్దాము. 1948 దాకా హైదరాబాదు సంస్థానంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. అధికారం చేతిలో వున్న భాష నుంచి మాటలు వందలకొద్దీ మా నోళ్ళలోకి వచ్చాయి: దరఖాస్తు, షురూ, బంద్, ఖతం, పరేషాన్, సమజ్. కాని అవి ఎలా వచ్చాయో చూడండి. 'బంద్ చేసిండు', 'పరేషాన్ అయిండు', 'సమజ్ గాలె' అని తెలుగు క్రియను తోడు తెచ్చుకుని వచ్చాయి. 'బంద్ ఎవరు చేసిండ్రు?' అని మధ్యలో ఇంకొక మాట పెట్టవచ్చు. అంటే వచ్చినది మాట మాత్రమే. దాన్ని వాక్యంలో నిలబెట్టిన చేవ తెలుగుది. ఇవాళ 'ఫోన్ చేసిండు', 'అడ్జస్ట్ అయిండు' అన్న మాటల్లో ఇంగ్లీషు కూడా ఆ ద్వారం నుంచే వస్తున్నది.

ఎదురు దిక్కున జరిగింది మరీ ఆసక్తికరం. హైదరాబాదు ప్రాంతపు దక్కనీ ఉర్దూలో ఒకరు అన్న మాటను చెప్పేటప్పుడు 'బోల్కే' అని వాడతారు. అది మన 'అని' నడకలో నడిచిన రూపం. ఉత్తరాది ఉర్దూలో 'కి' అనేది ముందు వచ్చి, అన్నమాట దాని తరువాత వస్తుంది. దక్కనీలో అన్నమాట ముందు వచ్చి, 'బోల్కే' తరువాత వస్తుంది. ద్రావిడ భాషల ప్రభావమే ఇందుకు కారణమని భాషావేత్తలు గుర్తించారు. మాటలు దర్బారు నుంచి కిందికి దిగాయి. వాక్యం బజారు నుంచి పైకి పోయింది. పాలకుల దగ్గర మాటలున్నాయి, పక్కపక్కన బతికే శ్రామికుల దగ్గర వాక్యముంది.

ఈ దృష్టితో మన సాహిత్యాన్ని పరిశీలిస్తే ఒక లోపం కనబడుతుంది. ప్రజల భాషలో రాయాలని మన అభ్యుదయ రచయితలు ఒప్పుకుంటారు. ఒప్పుకుని చేసే పని చాలాసార్లు మాండలిక పదాలను చల్లడం దగ్గర ఆగిపోతుంది. ఉదాహరణకు ఇటువంటి వాక్యం చూడండి. ఇది ఎవరి కథలోదీ కాదు, నేను కట్టిన నమూనా: 'వర్షాలు పడకపోవడం వలన ఆ గరీబు రైతు తన పొలం దిక్కు చూస్తూ తీవ్రమైన పరేషాన్‌కు గురయ్యాడు.' ఇందులో గరీబు వున్నాడు, దిక్కు వున్నది, పరేషాన్ వున్నది. కాని రైతు లేడు. వాక్యం వార్తాపత్రికది. 'పడకపోవడం వలన', 'గురయ్యాడు' అనే నిర్మాణాల్లో పొలం గెట్టు మీద ఎవరూ బాధపడరు. ఆ రైతు చెబితే ఇలా వుంటుంది: 'వానలు పడకపాయె. పొలం దిక్కు సూసుకుంట కూసున్న. ఏం జెయ్యాల్నో సమజ్ గాలె.'

'పడకపాయె'లో ఏముందో చూడండి. 'పడలె' అంటే పడలేదన్న వార్త మాత్రమే. 'పడకపాయె' అంటే ఎదురుచూశాము, రావలసినవి రాలేదు, చేతిలోది పోయింది అన్న అర్థం. 'పోవు' అనే క్రియ తన సొంత అర్థంలో కొంత దుఃఖాన్ని వెంటతెచ్చుకుని వ్యతిరేకార్థానికి తోడు నిలిచింది. దాన్ని 'పడకపోవడం వలన' అని నామంగా మార్చి విభక్తి తగిలించగానే ఆ దుఃఖం ఆవిరైపోయింది. 'ఏం జెయ్యాల్నో' అన్నచోట 'ఏం' తగిలి చకారం జకారమైంది. 'వలెను' కరిగి క్రియలో కలిసి, 'ఓ' తగలగానే దాని నకారం తిరిగి లేచింది. పదాల గెట్లు ఇలా కరిగి కలిసేచోటనే మనిషి గొంతు వుంది. పదకోశం తిరగేసి ఏరుకున్న మాటలతో ఆ గొంతు రాదు.

సిద్దిపేట గొల్లభామ చీర మన పాఠకులకు తెలియనిది కాదు. ఆ చీరలో గొల్లభామ బొమ్మ తరువాత అద్దినది కాదు, పడుగూ పేకా కలిసేటప్పుడే నేతలో పడినది. మాండలికం మన కథల్లో చాలావరకు అద్దకపు పని అయింది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్ళు' తెలంగాణ జీవితాన్ని నవలలోకి తెచ్చిన గొప్ప రచనలు. వాటిలో కూడా ఊరి భాష ముఖ్యంగా సంభాషణల్లో వుంటుంది, కథనం శిష్టభాషలో సాగుతుంది. ఆనాటి పాఠకలోకాన్ని బట్టి అది అర్థం చేసుకోదగినదే. పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు'లో కథ చెప్పే గొంతుకు కూడా ఊరి వాక్యాన్నే ఇచ్చింది. భావాల విషయంలో ఆమెతో ఏకీభవించనివారు కూడా ఈ పనిలో ఆమె నుంచి నేర్చుకోవలసింది వుంది.

పరిశోధనలో సైతం ఈ అసమానత వున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదలై, వ్యవసాయపదాల సంపుటం 1962లో, చేనేతపదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. రైతు మాటకూ నేతగాని మాటకూ నిఘంటువు గౌరవం కల్పించిన మహత్తరమైన కృషి అది. చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' 1975లో వచ్చి, వాక్యనిర్మాణాన్ని శాస్త్రీయంగా పరిశీలించడానికి దారి వేసింది. ఈ రెండు దారులూ కలవవలసిన చోట ఇంకా పని మిగిలే వుంది. నేతగాని మాటలు సేకరించాము. మగ్గం దగ్గర కూర్చున్నవాడు ఆ మాటలతో ఎటువంటి వాక్యాలు కడతాడో అంత శ్రద్ధగా సేకరించలేదు.

1929లో లెనిన్‌గ్రాడులో మార్క్సిస్టు దృష్టితో భాషాతత్వం మీద గ్రంథం ప్రచురించిన వొలోషినోవ్ ఈ సంగతిని ముందే పసిగట్టాడు. భాషాశాస్త్రం ధ్వనుల దగ్గర, పదరూపాల దగ్గర నిబ్బరంగా వుంటుందని, వాక్యం దగ్గరికి వచ్చేసరికి తడబడుతుందని, ఎందుకంటే మనుషులు నిజంగా పలికే ఉక్తికి అన్నిటికంటె దగ్గరగా వున్నది వాక్యరూపమేనని ఆయన వాదం. అందుకే ఆ గ్రంథం చివరి భాగమంతా ఒకరి మాటను మరొకరు చెప్పే పద్ధతి మీద వెచ్చించాడు. మన 'వస్తనన్నడు' సరిగ్గా ఆ చోట నిలబడివుంది. ఒకరి మాట మరొకరి నోట పడినప్పుడు ఎవరి గొంతు నిలుస్తుంది, ఎవరి గొంతు అణుగుతుంది అన్నది సామాజిక సంబంధాల ప్రశ్న. తెలుగు వాక్యం ఎదుటివాడి 'నేను'ను చెరిపివేయకుండా 'వస్తను'లో అట్లాగే నిలుపుతుంది.

ఇక బడి సంగతి. తెలంగాణ పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. కాళోజీ నారాయణరావు పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఈ రెండూ సంతోషించదగినవే. కాని తప్పనిసరి చేసిన తెలుగు ఏ తెలుగు? మాండలిక పదాల జాబితా ఒకటి పుస్తకం చివర అచ్చువేసి, పిల్లవాడు తన వాక్యం రాస్తే దిద్దడమే కొనసాగితే మారిందేమీ లేదు. ఒకవైపు మాటను మెచ్చుకుంటూ మరొకవైపు వాక్యాన్ని కొట్టివేయడం గౌరవం అనిపించుకోదు. పిల్లవాడికి అది తెలుస్తూనే వుంటుంది. నాలుగుసార్లు దిద్దించుకున్న తరువాత తన ఇంట్లో తల్లి మాట్లాడేది తప్పుల కుప్ప అన్న నమ్మకం వాడిలో నాటుకుంటుంది. ఆ తరువాత వాడు తక్కువ రాస్తాడు, జంకుతూ రాస్తాడు, చివరికి గైడులోది చూసి రాస్తాడు.

శిష్టభాష నేర్పవద్దని నేననడం లేదు. అర్జీ పెట్టడానికి, పోటీ పరీక్ష రాయడానికి, ఇతర జిల్లాల సోదరులతో వ్యవహరించడానికి అది కావాలి. దాన్ని పేదవాడి పిల్లలకు దక్కకుండా చేయడం మరొక అన్యాయం. నా వాదం దాన్ని నేర్పే పద్ధతి గురించి. 'వచ్చిండు' తప్పు, 'వచ్చాడు' ఒప్పు అని చెప్పే బదులు, 'వచ్చినవాఁడు' అనే ఒక్క మొదలు నుంచి రెండూ ఎలా వచ్చాయో నల్లబల్ల మీద వేసి చూపించవచ్చు. 'వస్తున్నడు' ఎప్పుడు విడిపోతుందో, 'రాలె' మధ్యలో ఏది దూరుతుందో పిల్లల చేతనే పరీక్ష చేయించవచ్చు. సంధి సూత్రాలను బట్టీపట్టని పిల్లవాడు కూడా ఈ పరీక్షలో వెనుకబడడు, ఎందుకంటే సామగ్రి అంతా వాడి నోట్లోనే వుంది. అప్పుడు వ్యాకరణం తప్పులు పట్టే పోలీసు పని మాని, తన భాషను తాను తెలుసుకునే శాస్త్రం అవుతుంది.

కళాశాల విద్యార్థులు చేయదగిన పని కూడా ఒకటి వుంది. పాత మాటల జాబితాలు రాసుకోవడంతో ఆగకండి. మగ్గం దగ్గర, కోత దగ్గర, బీడీల గంప దగ్గర, కూరగాయల బజారులో మనుషులు పలికే నిండు వాక్యాలను పలికినట్టే రాసుకోండి. ఎక్కడ ఊపిరి తీశారో, ఎక్కడ ఒక మాట మరొక మాటలో కలిసిపోయిందో గుర్తుపెట్టండి. శిష్టభాషలోకి మార్చవద్దు, మాండలికమని మురిసి ఎక్కువ చేయవద్దు. ఒక ఊరి నుంచి అటువంటి వెయ్యి వాక్యాలు చేతికి వస్తే పదానికీ వాక్యానికీ గెట్టు ఎక్కడ వుందో మనం వాదించుకోనక్కరలేదు. ఎక్కడెక్కడ కదులుతున్నదో చూడగలుగుతాము. ఆ వాక్యాల నుంచి వ్యాకరణం రాసే పనీ, వాటి నడకలో కథ చెప్పే పనీ అప్పుడు మొదలుపెట్టవచ్చు.